గడప నుండి గడపకు ఎన్ని గంటలు?



మా కుప్పము ప్రాంతమున నేడు ఏ వీధికి పోయినను, కొడుకో కూతురో దూరదేశమున నున్న యిల్లు ఒక్కటైనను కానవచ్చును. ఆ యింటి పెద్దవారిని "మీ బిడ్డ యుండు ఊరు ఎంత దూరమమ్మా?" అని యడిగినచో మైళ్లు చెప్పువారు లేరు. "పదాఱు గంటలు" అని చెప్పుదురు. దూరమును కాలముతో కొలుచుట మన పల్లెలకు క్రొత్త గాదు. "రెండు జాముల నడక", "ఒక పూట బండి ప్రయాణము" అని మన అవ్వలును చెప్పుచుండిరి. కాని వారు చెప్పిన పూట ఇంటి గడప దాటినది మొదలు చుట్టమింటి గడప త్రొక్కువఱకు పట్టు పూట. మనము చెప్పుచున్న పదాఱు గంటలో, విమానము నేలను విడిచినది మొదలు మరల నేలను తాకువఱకు మాత్రమే. ఈ రెండు లెక్కలకును గల భేదమును గృహిణులమైన మనము తెలిసికొనవలెను. పురుటికి పోవు తల్లికిని, అవసానకాలమున బిడ్డకై యెదురుచూచు తల్లికిని ఈ భేదమే ముఖ్యము.

ఉదాహరణమునకు బెంగుళూరు, శాన్‌ఫ్రాన్సిస్కో నగరములను తీసికొందము. మా కుప్పము ఆంధ్రదేశపు కొసన, ఒక ప్రక్క కర్ణాటకమును మఱియొక ప్రక్క తమిళనాడును ఆనుకొనియున్న ఊరు. బెంగుళూరు కంటోన్మెంటు నుండి జోలార్పేటకు పొగబండి దారి 1864లో తెఱవబడెను. ఆ దారిమీదనే కుప్పము కలదు. ఆ నాటినుండి బెంగుళూరే మాకు దూరప్రయాణములకు వాకిలి. 2008 మే నెలలో దేవనహళ్లి చెంత క్రొత్త విమానాశ్రయము తెఱచిన పిదప ఆ వాకిలి మఱింత పెద్దదైనది. కంప్యూటరు పనులు నేర్చిన మన పిల్లలు తఱచుగా చేరుచున్నది శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరములకే. కనుక ఈ రెండూళ్ల లెక్క తెలిసినచో తక్కిన ఊళ్ల లెక్కయు దానిని బట్టియే తెలియగలదు.

మొదట దూరమును చూతము. గోడకు వ్రేలాడు ప్రపంచపటముమీద బెంగుళూరునుండి తూర్పుగా శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒక గీత గీచినచో, అది పసిఫిక్ మహాసముద్రము నడుమనుండి పోవును. ఆ దారినే పోయినచో సుమారు 16,300 కిలోమీటర్లగును. కాని భూమి పటమువలె చదునుగా లేదు. మా వారు బడిపంతులు. బడిపిల్లలకు ఈ సంగతి బోధించుటకై వారొక సులభమైన ఉపాయము చేయుదురు. భూగోళపు బొమ్మమీద ఒక దారపు కొసను బెంగుళూరుపైన వ్రేలితో అదిమి, రెండవ కొసను శాన్‌ఫ్రాన్సిస్కో వఱకు బిగువుగా లాగుదురు. దారము సముద్రము నడుమ నిలువదు. జాఱి ఉత్తరమునకు పోవును. చైనామీదుగా, సైబీరియా ఉత్తరపు మంచునేలల మీదుగా పోయి, అమెరికా పడమటి తీరమున దిగును. ఆ దారము పొడవే నిజమైన దగ్గఱ దారి, సుమారు 14,000 కిలోమీటర్లు. పటముమీది తిన్నని గీతకును దీనికిని రెండువేల కిలోమీటర్లకు మించిన భేదమున్నది. ఇంటిలో భూగోళము లేనివారు ఒక బత్తాయిపండుమీద రెండు చుక్కలు పెట్టి నూలుపోగుతో చూడవచ్చును. పిల్లలు ఒక్కసారి చూచిన మఱవరు.

అట్లని విమానము దారముమీదనే పోవునని తలపరాదు. మేఘసందేశమున యక్షుడు మేఘునికి దారి చెప్పుచు, వంకరదారియైనను ఉజ్జయిని మీదుగా పొమ్మని వేడుకొనెను గదా! విమానమునకును అట్టి వంకరదారులు కలవు. అతనికి ఉజ్జయిని సౌధములు కారణము. దీనికి గాలులు కారణము. ఉత్తరార్ధగోళమున నేలకు పది కిలోమీటర్ల పైని పడమటినుండి తూర్పునకు బలమైన వాయుప్రవాహములు వీచుచుండును. తూర్పుగా పోవునపుడు అవి వెన్నుదన్నుగా నుండును. పడమరకు పోవునపుడు ఎదురు వచ్చును. కనుక విమానము నడుపువారు ఆ దినపు గాలిని చూచి, కొంత దూరమెక్కువైనను కాలము కలిసివచ్చు దారిని ఎంచుకొందురు.

దీనికి మన స్త్రీలు గర్వింపదగిన నిదర్శనమొకటి యున్నది. 2021 జనవరి 9వ తేదీ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానము ఎచ్చటను దిగక ఉత్తరధ్రువము మీదుగా వచ్చి బెంగుళూరు చేరెను. ఈ రెండు నగరముల నడుమ ఆ సంస్థ నడిపిన తొలి విమానమదియే. దానిని నడిపినవారందఱును స్త్రీలు. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వమున కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్షా సోనవారే, కెప్టెన్ శివానీ మన్హాస్ అను వారు ఆ భారమును వహించిరి. దారము కొలత 14,000 కిలోమీటర్లుండగా వారు వచ్చిన దారి సుమారు 16,000 కిలోమీటర్లని ప్రకటింపబడినది. పట్టిన కాలము సుమారు 17 గంటలు. ధ్రువప్రాంతమున దిక్సూచి సరిగా పనిచేయదు. ఆపదలో దిగుటకు విమానాశ్రయములు అరుదు. చలికి ఇంధనము గడ్డకట్టకుండ కనిపెట్టుచుండవలెను. ఇన్ని బాధ్యతలను నెఱవేర్చి, తెల్లవారుజామున వారు బెంగుళూరులో దిగిరి. ఈ దేశమున 1936లోనే విమానము నడుపు లైసెన్సును పొందిన స్త్రీ యొకరు కలరు. ఆమె సరళా ఠక్రాల్. ఆమెకును వీరికిని నడుమ 85 సంవత్సరములు గడచినవి.

ఇంక కాలము. పెద్ద విమానములు గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగమున పోవును. 14,000 కిలోమీటర్లను 900తో భాగించినచో పదునైదున్నర గంటలు వచ్చును. ఎక్కుటకును దిగుటకును పట్టు నెమ్మదిని కలుపుకొనిన పదాఱు గంటలు. తిరుగు ప్రయాణమున ఎదురుగాలి వలన ఒక గంటయో అంతకు మించియో అధికమగును. పోవుటకు వేఱు, వచ్చుటకు వేఱు కాలము చెప్పుట అందుకే.

అయినను టిక్కెట్టుమీది గంటలను చూచి మన స్త్రీలు తికమక పడుచున్నారు. అచ్చట వ్రాయబడునది ఏ ఊరి గంట ఆ ఊరిది. మన గడియారమునకును శాన్‌ఫ్రాన్సిస్కో గడియారమునకును చలికాలమున పదుమూడున్నర గంటలు, వేసవిలో పండ్రెండున్నర గంటలు భేదము. వేసవిలో వారు తమ గడియారములను ఒక గంట ముందునకు జరుపుకొందురు. మనము జరుపము. జనవరి మాసమున బెంగుళూరులో మధ్యాహ్నము 2 గంటలకు విమానమెక్కి పదాఱు గంటలు ప్రయాణము చేసితిమనుకొందము. మన లెక్కకు మఱునాటి ఉదయము 6 గంటలగును. కాని అచ్చటి గోడ గడియారము అదే దినము సాయంకాలము నాలుగున్నర చూపును. టిక్కెట్టు చూచినవారికి రెండున్నర గంటల ప్రయాణమువలె తోచును! వచ్చునపుడు దీనికి విపరీతము. పైన చెప్పిన విమానము 9వ తేదీ రాత్రి బయలుదేరి 11వ తేదీ వేకువకు చేరెను. పదునేడు గంటల ప్రయాణములో పంచాంగమున రెండు తేదీలు మాఱినవి. కనుక సోదరీమణులు ఒక్క సూత్రము గుర్తుంచుకొనవలెను. బయలుదేఱు గంటను, చేరు గంటను రెంటిని మన దేశపు కాలములోనికి మార్చి వ్రాసికొని, పిమ్మటనే తీసివేత చేయవలెను.

వ్రతములు, ఆబ్దికములు గల యిండ్లవారు తిథిని గుఱించి యడుగుచుందురు. తిథి చంద్రసూర్యుల నడుమ దూరమును బట్టి ఏర్పడునది గనుక అది లోకమంతటికి ఒక్క క్షణముననే మాఱును. సూర్యోదయము మాత్రము ఊరూరికి వేఱు. మన ఊరి సూర్యోదయమునకు ఏకాదశియైనను, పదుమూడు గంటల పిదప అచ్చట సూర్యుడుదయించు వేళకు ద్వాదశి వచ్చియుండవచ్చును. అందువలన బిడ్డలకు ఇక్కడి పంచాంగమును చూచి తేదీ చెప్పి పంపుట చాలదు. వారుండు ఊరికి గణించిన పంచాంగమును చూడవలెను.

ఇప్పుడు మన అవ్వల లెక్కకు వత్తము. కుప్పమునుండి దేవనహళ్లి విమానాశ్రయము నూఱు కిలోమీటర్లకు మించిన దారి. త్రోవలో బండ్ల రద్దీని దృష్టియందుంచుకొని మూడు గంటలు వేయుదము. దూరదేశ విమానమునకు మూడు గంటలు ముందుగా చేరవలెను. గాలిలో పదాఱు. దిగిన పిదప అనుమతుల వరుసలోను, పెట్టెల కొఱకును రెండు గంటలు. అచ్చటినుండి బిడ్డ యింటికి ఒక గంట. మొత్తము ఇరువదియైదు గంటలు, అనగా ఒక పూర్ణ దినముమీద ఒక గంట. ఇది నేరుగా పోవు విమానము దొరికినప్పటి లెక్క. నేరు విమానములు కొన్నాళ్లు నడచును, కొన్నాళ్లు నిలిచిపోవును. కనుక టిక్కెట్టు కొనునాడే విచారింపవలెను. దుబాయి మీదుగా పోయినచో అచ్చటికి నాలుగు గంటలు, అచ్చటినుండి 13,000 కిలోమీటర్లకు పదాఱు గంటలు, నడుమ వేచియుండుట నాలుగు గంటలు. గాలిలోను నిరీక్షణములోను ఇరువదినాలుగు గంటలు కాగా, గడపనుండి గడపకు ముప్పదిమూడు గంటలగును. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు మీదుగా పోయినను ఇంచుమించుగా ఇంతే. "పదాఱు గంటలు" అని విని బయలుదేఱిన పెద్దావిడ ముప్పదిమూడవ గంటకు దిగునప్పటికి ఎంత డస్సియుండునో చెప్పనక్కఱ లేదు.

పురుటికి పోవు తల్లులు ఈ లెక్కను బట్టియే ప్రయాణపు దినమును నిర్ణయించుకొనవలెను. మన దేహములో నిద్రకును ఆకలికిని ఒక గడియారమున్నది. అది క్రొత్త దేశపు వేళకు గంటకొక దినము చొప్పున మెల్లగా సర్దుకొనునని వైద్యులు చెప్పుదురు. పండ్రెండు పదుమూడు గంటల భేదమునకు వారము దినములు దాటును. అర్ధరాత్రి కన్నులు తెఱచి కూర్చుండి, మిట్టమధ్యాహ్నము తూగు తల్లి బాలెంతరాలికేమి పథ్యము వండగలదు? కనుక కూతురికి దినములు నిండుటకు రెండు వారములకు తక్కువ గాకుండ ముందుగా చేరుట మేలు.

విమానపు లోపలి గాలిని గుఱించియు ఒక మాట. విమానము పది పదునొకండు కిలోమీటర్ల పైని పోవుచున్నను, లోపలి గాలిని సుమారు 1,800 నుండి 2,400 మీటర్ల ఎత్తున నుండు గాలివలె ఉంచుదురు. మా మదనపల్లె చెంతనున్న హార్సిలీ కొండ 1,300 మీటర్లకు లోపు. దానికంటె ఎంతయో పైనున్న ఊటీలో పదాఱు గంటలు కదలక కూర్చున్నట్లు భావింపుడు. పైగా ఆ గాలిలో తేమ మిక్కిలి తక్కువ. కావున దాహము లేకున్నను నీరు త్రాగుచుండవలెను. ఒకటి రెండు గంటలకొకసారి లేచి నడవవలెను. కూర్చున్నప్పుడు పాదములను, మడమలను ఆడించుచుండవలెను. కదలక కూర్చున్నవారి కాళ్లలో నెత్తురు గడ్డకట్టు ప్రమాదమున్నది. ఇతరులను లేపుట మొగమాటమని కదలకుండుట మర్యాద గాదు. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు గలవారు ముందుగా వైద్యుని చూచి, ఏ మందు ఏ వేళకు వేసికొనవలెనో మన కాలములోను ఆ దేశపు కాలములోను రెండు వరుసలుగా వ్రాయించుకొనవలెను. మందులును వైద్యుని చీటియు చేతిసంచిలో నుండవలెను గాని, విమానపు కడుపులో వేయు పెట్టెలో నుండరాదు.

ఇక చెప్పవలసినది కఠినమైన మాట. అయినను చెప్పక తప్పదు. ఇక్కడ తల్లికో తండ్రికో ప్రాణము మీదికి వచ్చినదని వార్త పోయిన క్షణము మొదలు బిడ్డ గడప త్రొక్కువఱకు ఎన్ని గంటలు? వార్త క్షణములో చేరును. అది మాత్రమే క్షణములో చేరును. టిక్కెట్టు దొరకవలెను. తరువాతి విమానము బయలుదేరు వేళ కావలెను. పిమ్మట గడపనుండి గడపకు లెక్క మొదలగును. అన్నియు అనుకూలించినను ఒకటిన్నర దినము, తఱచుగా రెండు దినములు. మన ఆచారమున దహనము ఆ దినముననే జరుగును. ఏ విమానమును ఈ రెండు కాలములను కలుపజాలదు. అప్పుడు శవపేటికకు ఐసుపెట్టె తెప్పించుటయా, కొడుకు వచ్చువఱకు ఆగుటయా, చెంతనున్న కూతురి చేత కర్మ జరిపించుటయా అని శోకములో మునిగినవారు వీధిలో నిలిచి వాదులాడుట మేము చూచితిమి. వచ్చినవాడు ఆలస్యమైనదని నింద మోసెను. ఆగనివారు తొందరపడిరని నింద మోసిరి. నిజమునకు నిందింపదగినవారు వారిలో నెవ్వరును లేరు. గంటల లెక్క ముందుగా ఎవరును వేయలేదు, అంతియే.

మనుచరిత్రలోని ప్రవరుని మీరెఱుగుదురు. సిద్ధుడిచ్చిన పాదలేపనముచే క్షణములో హిమాలయము చేరెను. మంచుకు ఆ పసరు కరగిపోగా ఇల్లు చేరుటకు దారి లేక పరితపించెను. పోవుట సులభము, వచ్చుట మన చేతిలో లేదు. నేటి పాదలేపనములు పాస్‌పోర్టును, వీసాయును. ఉద్యోగపు వీసామీద నున్న పిల్లల పాస్‌పోర్టులో ముద్ర గడువు తీఱినచో వారు ఇచ్చటికి రాగలరు గాని, అమెరికా కాన్సులేటులో క్రొత్త ముద్ర పడనిదే మరల పోజాలరు. తల్లిని చూడవచ్చినచో ఉద్యోగము పోవునేమో యను భయము అచ్చటి బిడ్డలను ఎంత వేధించుచున్నదో ఇచ్చటివారు గ్రహింపవలెను. ఆకాశపు దారియు ఎల్లకాలము తెఱచియుండదు. కరోనా వ్యాధి కాలమున 2020 మార్చి 23 నుండి 2022 మార్చి 27 వఱకు మన దేశమునకు క్రమబద్ధమైన విదేశ విమానములు నిలిపివేయబడి, ప్రత్యేక విమానములు మాత్రమే నడచెను. 2025 ఏప్రిల్ మాసమున పాకిస్తాను తన గగనమార్గమును మన విమానములకు మూసివేయగా, ఉత్తరభారతమునుండి పడమటి దేశములకు పోవు విమానములు చుట్టుదారి పట్టవలసివచ్చెను. దారపు పొడవు మాఱలేదు. గంటలు మాఱినవి.

ఇంతకంటె కఠినమైన దినములను మన వారు చూచిరి. గొప్ప ఔషధశాస్త్రజ్ఞుడైన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో ఓడనెక్కి అమెరికాకు పోయిరి. 1948లో న్యూయార్కునందు మరణించువఱకు ఒక్కసారియైనను స్వదేశమునకు తిరిగి రాలేదు. ఇచ్చట వారి ధర్మపత్ని శేషగిరమ్మగారికి భర్త దర్శనము మరల కలుగలేదు. అదే 1948 జూన్ 8వ తేదీన ఎయిర్ ఇండియా వారి తొలి విదేశ విమానము బొంబాయినుండి కైరో, జెనీవాల మీదుగా లండనుకు పోయెను. నాడు ఏండ్లతో కొలిచిన ఎడబాటును నేడు గంటలతో కొలుచుకొనుచున్నాము. ఇది చిన్న భాగ్యము గాదు.

కనుక సోదరీమణులకు మా విన్నపమిది. బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చినపుడు, మే నెలలో గంగమ్మ జాతరకో సంక్రాంతికో అందఱును కలిసినపుడు, ఒక సాయంకాలము కాగితము తీసికొని గడపనుండి గడపకు పట్టు గంటలను వ్రాసి యుంచుకొనుడు. వార్త వచ్చిన వేళ ఎవరు ఎవరికి చెప్పవలెనో, పాస్‌పోర్టుల గడువులు ఎంతవఱకున్నవో వ్రాయుడు. చివరి పనిని గుఱించి మీ యిష్టమేమో మీ నోటితోనే చెప్పుడు. "నా కొఱకు రెండు దినములు ఆగుడు" అని కోరుట తల్లి హక్కు. "ఆగవద్దు, చెంతనున్న కూతురే చేయవచ్చును, నీవు నీ వీలుచూచుకొని వచ్చి నాలుగు దినములు మీ నాన్నతో నుండుము" అని చెప్పుటయు తల్లి హక్కే. ఏది చెప్పినను ముందుగా చెప్పుడు. అశుభము పలుకుచున్నదని ఎవరైనను అన్నచో, ఇది అశుభము గాదు, ఇంటి లెక్క అని సమాధానము చెప్పుడు. ఉప్పు, పప్పు, బియ్యముల లెక్క వ్రాసికొను మనకు ఈ లెక్క భారము గాదు. ఈ ఒక్క కాగితము ఇంటనుండిన, పరదేశమున బిడ్డ ఏ అర్ధరాత్రి ఫోను మ్రోగినను తానేమి చేయవలెనో ఎఱిగియుండును. ఇచ్చట మిగిలినవారు ఒకరినొకరు నిందించుకొనకుందురు.